మూడు సూచనల సగటు

ఆ శిఖరం ఎక్కడానికి ముందు రోజు నేను ఫోన్‌లో ఒక పట్టిక తయారు చేశాను. మూడు వాతావరణ సూచనలు, ఒక్కోదానికి ఒక్కో వరస, అడుగున సగటు. ఉరుములు మధ్యాహ్నం పన్నెండింటికి మొదలవుతాయని మొదటిది చెప్పింది. రెండోది మూడున్నరకంది, మూడోది ఐదున్నరకు. సగటు సరిగ్గా మూడు గంటలు. మ్యూనిక్‌లో నా ఉద్యోగం ఇలాంటిదే. కారులోని సెన్సర్లు తలో మాట చెబితే, వాటిని కలిపి ఒక్క అంకె చేయడం. కొండకూ అదే లెక్క సరిపోతుందనుకున్నాను.

నాతో వచ్చినవాడు మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదివిన రెండేళ్లూ నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు. వాడిది వరంగల్ దగ్గర. ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్‌లో పనిచేస్తున్నాడు. ఉక్కు కేబుల్ పట్టుకుని రాతి గోడ ఎక్కడం వాడికి అదే మొదటిసారి. నేను అప్పటికి నాలుగుసార్లు ఎక్కాను కాబట్టి నేర్పే పని నాది. బస్సులో నియమాలు రాసి వాడికి పంపాను. మొదటి నియమం: ఏం జరిగినా కేబుల్ వదలకూడదు.

బస్సు దిగాక నాలుగు గంటలు నడిస్తే కొండెక్కేవాళ్లు రాత్రి ఉండే హ్యూట్టె వస్తుంది. దానికి పైన ఇల్లూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. అక్కడ ఒక ఆచారం ఉంది. పొద్దున బయల్దేరేవాళ్లు ఒక పెద్ద పుస్తకంలో ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రాయాలి. రాకపోతే ఎవర్ని వెతకాలో తెలియాలి కదా. మర్నాడు పొద్దున నేను 15:00 అని రాశాను.

హ్యూట్టె నడిపే ఆవిడకు అరవై ఏళ్లుంటాయి. పుస్తకం తనవైపు తిప్పుకుని చూసింది.

"ఇవాళ పన్నెండుకల్లా కేబుల్ దిగిపోయి ఉండాలి. మబ్బు పడమట నుంచి వస్తుంది. మీరు ఎక్కేది తూర్పు గోడ. ఆ మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా మీకు కనబడదు," అంది జర్మన్‌లో.

నేను పట్టిక చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.

"ఈ మూడింట్లో మూడు గంటలని చెప్పింది ఏది?"

"ఏదీ కాదు. అది సగటు."

"అయితే మూడింటికి రావాల్సిన ఉరుము ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆవిడ నా అంకె కొట్టేయకుండా, పక్కన పెన్సిల్‌తో 12 అని రాసింది. బయటికొచ్చాక వాడిని అడిగాను.

"ఏం చేద్దాం రా? ఉండిపోదామా?"

"ఏందిరా, వీసా ఆఫీసుల టెర్మిన్‌కే మూడు నెలలు ఆగినం. ఈ మంచాలు మార్చిల బుక్ చేస్తే ఇప్పుడు దొరికినయి. కొండ టెర్మిన్ మిస్సయితే మల్లెప్పుడిస్తరో. పా, సైంటిస్టు."

నేను నవ్వాను. ఈ దేశంలో దొరికిన టెర్మిన్‌ను, అంటే అపాయింట్‌మెంట్ తేదీని, వదులుకోవడం మాకు చేతకాదు.

ఆరున్నరకు ఎనిమిది డిగ్రీలు, గాలి లేదు, సున్నపురాయి పొడిగా ఉంది. నడుముకీ తొడలకీ బిగించుకున్న పట్టీల హార్నెస్ నుంచి రెండు చిన్న తాళ్లు, వాటి చివర రెండు కొక్కేలు. కేబుల్‌ను రాతికి బిగించిన ప్రతి మేకు దగ్గరా ఒక కొక్కెం తీసి అవతల తగిలించి, తర్వాత రెండోది తీయాలి. అంటే ఎప్పుడూ ఒకటి తగిలి ఉంటుంది. వాడు చక్కగా నేర్చుకున్నాడు. ప్రతి మేకు దగ్గరా "వదల్లే సార్" అని వెక్కిరించేవాడు.

పదకొండు నలభైకి శిఖరానికి ఇంకా ఇరవై నిమిషాలుండగా గట్టు మీదికి తల ఎత్తాను. పడమటి లోయ లేదు. దాని స్థానంలో నల్లటి గోడ ఉంది, అది మా మీదికి కదులుతోంది. మెరిసింది. లెక్కపెట్టాను. ఆరు సెకన్లు, అంటే రెండు కిలోమీటర్లు.

"తిరుగు. కిందికి దిగు."

మొదటి వడగళ్లు మేము రెండో మేకు దాటకముందే పడ్డాయి. గాలి పక్కనుంచి కొట్టి నన్ను రాతికేసి బాదింది. వడగళ్లు హెల్మెట్ మీద సుత్తుల్లా పడుతున్నాయి, ముఖం చిట్లి రక్తం కారుతోంది. పైనుంచి రాళ్లు ఊడి మా భుజాల మీదుగా లోయలోకి పోతున్నాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లు, తర్వాత ఒకటి. అప్పుడు కేబుల్ మోగడం మొదలైంది. తేనెతుట్టెను కదిపినట్టు సన్నని రొద. నా చేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాతి పిడుగు ఆ ఉక్కు మీదే పడుతుంది. అది పట్టుకుని ఉన్నవాడు బతకడు.

నా కొక్కేలు తీసేశాను. నాలుగడుగుల కింద వెడల్పయిన గడ్డి మెట్టు ఉంది, దాని మీదికి దూకాను. వాడు దూకలేదు. రెండు చేతులతో కేబుల్ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"వదిలెయ్ రా! దూకు!"

పెదవులు కదిలాయి. వాడేమంటున్నాడో వినబడలేదు, కానీ నాకు తెలుసు. మొదటి నియమం.

మళ్లీ పైకి పాకి వాడి రెండు కొక్కేలూ లాగేశాను. చేతులు మాత్రం రాలేదు. మళ్లీ అరిచాను, ఇంకోసారి అరిచాను. ఆ తర్వాత వాడి కొక్కేన్ని రాయిలా పట్టుకుని వాడి కుడిచేతి వేళ్ల మీద కొట్టాను. మొదటి దెబ్బకు వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. రెండో దెబ్బకు ఎముక విరిగిన సంగతి నా చేతికి తెలిసింది. వాడి పిడికిలి ఊడింది. హార్నెస్ పట్టుకుని వెనక్కి లాగాను, ఇద్దరం మెట్టు మీద పడ్డాం. వాడు ఎడమచేత్తో నా దవడ మీద గుద్దాడు. రెండో గుద్దుకు చెయ్యెత్తాడు.

తెల్లటి వెలుగు. చప్పుడు చెవులతో కాదు, పళ్లతో విన్నాను. కేబుల్ పొడవునా నిప్పు పరుగెత్తింది, మేము వేలాడిన మేకు దగ్గర రాయి పగిలి ముక్కలు ఎగిరాయి. వాడి ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

బ్యాగుల మీద మోకాళ్లు ముడుచుకుని ముప్పావుగంట కూర్చున్నాం. తర్వాత తడిరాతి మీద ఒక్కో అడుగూ వేస్తూ దిగాం.

హ్యూట్టెకు చేరేసరికి నాలుగూ నలభై. ఆవిడ కోప్పడలేదు. వాడి ఉంగరపు వేలికి పెన్సిల్ ముక్క ఆనించి కట్టు కట్టి, ఎలా విరిగిందని అడిగింది.

"వడగళ్లు," అన్నాడు వాడు జర్మన్‌లో.

ఆవిడ నా వాచిన దవడ వైపు చూసింది. తర్వాత పుస్తకం నా ముందు పెట్టింది. తిరిగొచ్చిన గంట రాయాలి. 16:40 అని రాసి, పక్కన ఉన్న ఖాళీలో వేలు విరగ్గొట్టింది నేనేనని రాయబోయాను.

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు వాడు తెలుగులో.

"జరిగింది."

"వడగళ్లని రాయి." కట్టు కట్టిన వేలు చూసుకుంటూ అన్నాడు, "కొట్టేముందు ఒక్కసారన్న చెప్పాల్సింది రా."

"మూడుసార్లు చెప్పాను."

"నాకు ఒక్కటి గూడ ఇనబడలే. కొక్కేలు ఇప్పినవ్, చేతులు కొట్టినవ్. నూకేస్తున్నవనే అనుకున్న."

నేను వడగళ్లని రాశాను.

మర్నాడు పొద్దున ఊళ్లోని డాక్టర్ దగ్గరికి దిగే అడ్డదారిలో ముప్పై మీటర్ల మేర కేబుల్ ఉంది. వాడికి ఒక్క చెయ్యే పనిచేస్తోంది, కొక్కేలు నేనే తగిలించాలి. వాడు హార్నెస్ తాళ్లు ముందుకు చాపి నిలబడ్డాడు. ఆ ముప్పై మీటర్లలో తొమ్మిది మేకులున్నాయి. ప్రతి మేకు దగ్గరా నేను తగిలించాక వాడు ఎడమచేత్తో కొక్కేన్ని గట్టిగా లాగి చూశాడు. రెండుసార్లు లాగి, ఆ తర్వాతే అడుగు వేశాడు. నేను ప్రతిసారీ ఆగాను.