కొలత అక్క, ఉడత మోకాలు

మా జట్టు ఫిజియోని పిల్లలందరూ కొలత అక్క అనేవాళ్ళు. మెడలో ఎప్పుడూ రెండు మీటర్ల కొలత టేపు వేలాడుతుండేది. తొడ చుట్టూ కొలిచేది, పిక్క చుట్టూ కొలిచేది, ఒంటికాలి మీద దూకించి ఎంత దూరం దూకారో కొలిచేది. కొలిచిందల్లా లావుపాటి నోట్‌బుక్‌లో ఎక్కించేది. "దర్జీ కూడా ఇన్ని కొలతలు తీసుకోడక్కా, కనీసం ఒక గౌనైనా కుట్టిపెట్టు" అని పిల్లలు ఏడిపించేవాళ్ళు.

జీతాలు తీసుకుని ఆడే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు అది. నేను అందులో బట్టలు ఉతికేదాన్ని. ఉతికే గదికీ, ఆవిడ వైద్యం చేసే గదికీ మధ్య ఉన్నది గోడ కూడా కాదు, మనిషెత్తు చెక్క అడ్డం. మిషన్ ఆగితే చాలు, అవతలి మాట ఇవతలికి వచ్చేది, చెక్కల సందుల్లోంచి మనుషులూ కనబడేవాళ్ళు. కోచ్‌కి చెప్పనివి, కన్నతల్లికి చెప్పనివి ఆ పిల్లలు ఆవిడ బల్ల మీద బోర్లా పడుకుని చెప్పుకునేవాళ్ళు. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. అయినా ఆ బల్ల మీది మాట ఒక్కటీ నేను బయట పెట్టలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే ఇక దాచినా ఎవరికీ ఒరిగేది లేదు కనక.

ఆవిడకి పద్నాలుగేళ్ళప్పుడు తల్లికి పక్షవాతం వచ్చింది. రోజూ బడికి వెళ్ళే ముందు తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మూసి, విప్పి, మూసి వెళ్ళేదట. ఏడాదికి ఆ చెయ్యి గ్లాసు పట్టుకుంది. "ఆ గ్లాసే నా కొంప ముంచింది పిన్నీ, లేకపోతే ఏ బ్యాంకులోనో చల్లగా కూర్చునేదాన్ని" అనేది. చదువయ్యాక పెద్దాసుపత్రిలో ముసలాళ్ళ మోకాళ్ళు పట్టి, ఆ తర్వాత మా జట్టుకి వచ్చి పదకొండేళ్ళు. మొగుడు బస్సు డ్రైవరు. "ఊళ్ళో వాళ్ళ కాళ్ళన్నీ పడతావు, నా నడుము మాత్రం అనాథ" అని ఒకసారి మా అందరి ముందే అన్నాడు. "ముందు నువ్వో గోలు కొట్టు, అప్పుడు చూస్తా" అంది ఈవిడ.

మెత్తటి మనిషేం కాదు. పిల్లలు కేకలు పెడుతుంటే "అరుచుకో, అరుచుకో, నోటికీ వ్యాయామమే" అంటూ ఇంకా వంచేది. కానీ వేలు పెట్టిందంటే నొప్పి ఎక్కడుందో ఆ వేలే వెతుక్కునేది.

ఉడత సంగతికి ముందు మా పాత గోల్‌కీపర్ సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆ పిల్ల భుజం బాగా లేదని కొలత అక్క పద్ధతి ప్రకారం "ఆడకూడదు" అని రాసింది. అలా మూడుసార్లు రాసింది. నాలుగోసారి రాయాల్సిన పని లేకుండా ఆ పిల్లని జట్టులోంచి తీసేశారు. ఇప్పుడు సూపర్ మార్కెట్‌లో బిల్లులు కొడుతోంది. కొలత అక్క తన వరసలోకి వస్తే చాలు, "ఈ కౌంటర్ మూసేశాం" అని బోర్డు పెట్టేస్తుంది. వెనకాల పదిమంది ఉన్నా సరే. ఈవిడ బుట్ట పట్టుకుని పక్క వరస చివరికి వెళ్ళి నిలబడుతుంది. నేను కళ్ళారా చూశాను.

ఉడత అంటే మా జట్టులో ఎడమ అంచున పరిగెత్తే పిల్ల. ఇరవై రెండేళ్ళు. బంతి పట్టుకుని ఇద్దరి మధ్యలోంచి ఎలా దూరేదో దానికే తెలియాలి. ఓ మ్యాచ్‌లో ఎడమ మోకాలి లోపల లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేశారు. తొమ్మిది నెలలు ఆటలోకి దిగకూడదన్నారు. ఆ తొమ్మిది నెలలూ ఆ మోకాలు కొలత అక్క చేతుల్లోనే. మొదట్లో కాలు మడతపడేది కాదు. ఉడత తువాలు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఆ తువాళ్ళు ఉతికింది నేనే, పళ్ళగాట్లు పడి చిరిగిపోయేవి.

ఏడో నెల వచ్చేసరికి మా జట్టు పట్టికలో అడుగున ఉంది. ఇంకొక్క మ్యాచ్ ఓడితే కింది లీగ్‌కి పోతాం. ఉడత కాంట్రాక్టు కూడా ఆ సీజన్‌తోనే ఆఖరు. కోచ్ పొద్దున్నే వైద్యం గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, మా ఉడతని ఎప్పుడు వదులుతావు?"

"ఇంకా రెండు నెలలు సార్."

"రెండు నెలలకి జట్టే ఉండదు. అప్పుడు నీ టేపుతో ఎవరిని కొలుస్తావు, నన్నా?"

ఉడత బల్ల మీంచి లేచి కూర్చుంది. "అక్కా, దూకి చూపిస్తా. పరీక్ష పెట్టు. పాసైతే ఆడతా, ఫెయిలైతే నోరు మూసుకుంటా."

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. ముందు మంచి కాలి మీద దూకాలి, తర్వాత దెబ్బ తగిలిన కాలి మీద. మంచి కాలు నూరు అనుకుంటే దెబ్బ కాలు తొంభై అయినా దూకాలి. అప్పుడే ఆటకి పంపాలి. ఇందులో ఒక దొంగదారి ఉంది, అది ఆడేవాళ్ళందరికీ తెలుసు. దెబ్బ కాలితో ఎక్కువ దూకలేకపోతే మంచి కాలితో తక్కువ దూకితే సరి.

ఉడత కుడికాలితో దూకింది. నూట ముప్ఫై ఒక్క సెంటీమీటర్లు. ఎడమకాలితో దూకింది. నూట ఇరవై మూడు.

అవతల నోట్‌బుక్ పేజీలు తిప్పుతున్న శబ్దం. దెబ్బ తగలకముందు ఉడత కుడికాలు దూకింది నూట యాభై ఎనిమిది. ఆ అంకె అందులో ఉంది.

కొలత అక్క చిన్నగా నవ్వింది. "ఏమే, నీ మంచి కాలు ఒక్కసారిగా ముసలిదైపోయిందేం?"

"రాత్రి నిద్ర లేదక్కా."

"నిద్ర లేనిది ఒక్క కాలికేనా?"

"అక్కా, ప్లీజ్..." ఉడత గొంతు తగ్గించింది. "నన్ను కూడా కౌంటర్లో కూర్చోబెడతావా?"

ఫోన్ మాట్లాడ్డానికి బయటికి వెళ్ళిన కోచ్ అప్పుడే గుమ్మంలోకి తిరిగొచ్చి, "ఏమైంది? ఎంత వచ్చింది?" అన్నాడు.

ఇవతల నేను తడి సాక్సులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ "లేదు" అంటుందనే అనుకున్నాను. పదకొండేళ్ళలో ఆ మనిషి కొలత తప్పు రాయగా నేను ఎరగను. నిజానికి ఆ రోజు కూడా తప్పు రాయలేదు. రాసిన రెండు అంకెలూ నిజమైనవే.

"తొంభై నాలుగు. పాస్" అంది. సంతకం పెట్టింది.

మ్యాచ్ రోజు ఉడత ముప్ఫై నిమిషాలు ఆడింది. ముప్ఫై ఒకటో నిమిషంలో బంతి కోసం పక్కకి తిరిగి, అలాగే కూర్చుండిపోయింది. ఎవరూ తోయలేదు, ఎవరూ తగల్లేదు. కొలత అక్క సంచీ భుజాన వేసుకుని పరిగెత్తింది. మోకాలి మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. అంత దూరం నుంచే నాకు అర్థమైపోయింది. మ్యాచ్ మూడు సున్నాతో పోయింది. జట్టు కింది లీగ్‌కి పోయింది.

మర్నాడు మేనేజరు వచ్చాడు. ఉడత బల్ల మీద ఐసు కట్టుకుని కాలు చాపుకుని ఉంది. స్కానింగు అయింది. లిగమెంటు మళ్ళీ తెగింది, దాంతో పాటు మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త కూడా నలిగిపోయింది. పైవాళ్ళు ఎవరిదో ఒకరి తల అడుగుతున్నారు.

"ఏడో నెలలో ఎవరు ఆడించమన్నారు?" అన్నాడు మేనేజరు.

"నేను కాగితం చూసి ఆడించాను" అన్నాడు కోచ్. "సంతకం ఈవిడది. నాకేమైనా మోకాళ్ళ గురించి తెలుసా?"

"అక్క చూసి ఓకే అంది సార్" అంది ఉడత. అబద్ధం కాదది. అప్పటికి ఆ పిల్ల ఎవరి మీదా నెపం వెయ్యడం లేదు, అడిగినదానికి చెప్పింది.

ఆవిడ పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకో జట్టు తీసుకోదు. నోట్‌బుక్ తెరిచి మేనేజరు ముందు పెట్టింది.

"చూడండి సార్. పాత కొలత నూట యాభై ఎనిమిది. పరీక్షలో నూట ముప్ఫై ఒకటి. మంచి కాలితో కావాలని తక్కువ దూకింది. నన్ను మోసం చేసింది."

"అక్కా!" అంది ఉడత.

"మరి ఆ రోజే ఎందుకు చూసుకోలేదు?" అన్నాడు మేనేజరు.

"పాత పేజీ ఆ రోజు చూడలేదు సార్. నమ్మాను."

"నువ్వు నవ్వావు కదక్కా! కాలు ముసలిదైందా అని నవ్వావు కదా!"

"నేనేం అనలేదు" అంది కొలత అక్క.

ఇవతల నేనున్నాను. మిషన్ ఆగే ఉంది. మేనేజరు వెళుతూ వెళుతూ నా గదిలోకి తొంగి చూసి, "నువ్వేమైనా విన్నావామ్మా?" అన్నాడు. "మిషన్ మోతలో ఏం వినబడుతుంది సార్" అన్నాను. నాకూ ఉద్యోగం ఉంది. తేలు కుట్టిన దొంగలా సాక్సులు ఆరేసుకుంటూ నిలబడ్డాను.

ఆటగత్తె తన దెబ్బ సంగతి దాచితే జట్టుకి పూచీ లేదని కాంట్రాక్టులో ఒక ముక్క ఉందట. ఆ ముక్కతో ఉడతని తీసేశారు. రెండో ఆపరేషన్ మీరే చేయించుకోండి అన్నారు. బూట్లు నేనే కవర్లో పెట్టి ఇచ్చాను. "థాంక్స్ పిన్నీ" అంది. మొహం చూడలేకపోయాను.

కొలత అక్క ఉద్యోగం నిలిచింది. పిల్లలు మాత్రం నోళ్ళు కుట్టేసుకున్నారు. బల్ల ఎక్కుతారు, పడుకుంటారు. "ఎక్కడ నొప్పి?" అంటే "ఎక్కడా లేదు, బాగుంది" అంటారు. ఒకమ్మాయి విరిగిన కాలివేలితో మూడు వారాలు ఆడింది, ఆవిడకి చెప్పకుండా. ఇంకో తుంటరి పిల్ల ఆవిడ టేపుకి నూట యాభై ఎనిమిది దగ్గర ఎర్ర సిరాతో గీత పెట్టింది. ఆవిడ చూసింది. చెరపలేదు, టేపు మార్చలేదు.

ఉడతకి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అయితే కాలు వంచి నడిపించే మనిషి వాళ్ళకి దొరకలేదు, దొరికినా రోజూ పిలిపించుకునే స్తోమత లేదు. ఒకరోజు డ్యూటీ అయ్యాక కొలత అక్క నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. రెండంతస్తులు ఎక్కాలి. ఉడత తల్లి తలుపు తీసి, ఎవరో చూసి, తలుపు సగానికి మూసింది.

"చేసింది చాలదా తల్లీ? ఇంకో కాలు కూడా కావాలా?"

"వంచకపోతే కాలు అలాగే బిగుసుకుపోతుందండి."

"అంత మంచిదానివైతే ఆ రోజు నిజం చెప్పకపోయావా?"

కొలత అక్క చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టింది. లోపలి నుంచి ఉడతే, "రానీ అమ్మా. వేరే గతేముంది?" అంది.

మంచం మీద కాలు కర్రలా చాపి ఉంది. కొలత అక్క చేతులు కడుక్కుని, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మడమ పట్టుకుంది. పట్టీ తీస్తే మోకాలు వాచి, రెండు గాట్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"అక్కా, మళ్ళీ ఆడతానా? నిజం చెప్పు."

"ఆడలేవు."

"పరిగెత్తడం?"

"అదీ కష్టమే. మెట్లు ఎక్కిస్తాను. అంతవరకు నా పూచీ."

"ఇప్పుడు భలే నిజాలు వస్తున్నాయి నీ నోట్లోంచి" అంది ఉడత. తర్వాత దుప్పటి కొస నోట్లో పెట్టుకుని, "ఊఁ, కానియ్" అంది.

కొలత అక్క వంచింది. ఉడత గొంతు గదంతా నిండింది. పక్కగదిలో తల్లి టీవీ పెద్దగా పెట్టింది. "ఇంకొంచెం" అని కొలత అక్క మళ్ళీ మడమ పట్టుకుంది. వెనకనుంచి నేను ఆ పిల్ల రెండు చేతులూ కదలకుండా అదిమి పట్టాను.