రజిత ట్యాంకులో మిగిలిన కొబ్బరి స్టౌట్

నిన్న పొద్దున ఆఫీసు కాల్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. కట్ చేశాను.

మళ్ళీ వచ్చింది. రజిత వాళ్ళ తమ్ముడు.

"రజితక్క లేదక్కా ఇగ."

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నేనేం అడిగానో తెలుసా? "మరి ట్యాంకులో ఉన్నది?" అని.

ఎందుకు అడిగానో నాకే తెలియదు. అటువైపు పిల్లాడు ఏడుస్తున్నాడు. వాడిని ఓదార్చాల్సింది పోయి బీర్ గురించి అడిగాను. సిగ్గేసింది. కానీ రజిత వినుంటే ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పేది.

తెలియని వాళ్ళకి చెప్తాను. రజిత మా ఆఫీసు ఎదురుగా, నానక్‌రామ్‌గూడలో ఒక మైక్రోబ్రూవరీలో బ్రూవర్. అంటే అక్కడ బీర్ తయారుచేసే మనిషి. బాలానగర్ పిల్ల. నాన్న లేత్ వర్క్‌షాప్‌లో ఆడుకుంటూ పెరిగింది. ఏ మిషన్ కనిపించినా మూత తీసి లోపల ఏముందో చూస్తే గానీ ఊరుకునేది కాదు.

మా పరిచయం నా కంప్లైంట్‌తోనే మొదలైంది.

టీమ్ లంచ్‌కి వెళ్ళి కొబ్బరి స్టౌట్ అనే బీర్ తెప్పించుకున్నాను. నల్లగా, చిక్కటి డికాక్షన్‌లా ఉంది. ఒక గుక్క తాగి వెయిటర్‌తో, "ఏంటండీ ఇది, తలకి రాసుకునే నూనె వాసనొస్తోంది" అన్నాను.

లోపలి నుంచి రబ్బరు బూట్లు వేసుకున్న ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అయిపోయింది, గొడవే అనుకున్నాను.

"ఏ నూనె? దుకాణంల దొరికే డబ్బాదా, ఇంట్ల కాసిందా?"

వెటకారం కాదు. ఆమెకి నిజంగానే ఆ జవాబు కావాలి.

కాసేపు ఆలోచించి, "ఇంట్లో కాచింది. మా అమ్మమ్మ కాచేది" అన్నాను. అంతే, కుర్చీ లాక్కుని కూర్చుంది. మా టీమ్ అంతా తినేసి వెళ్ళిపోయినా మేం లేవలేదు.

నాది అమలాపురం అని తెలిసిన రోజు నుంచి నా పేరు గల్లంతు. "ఓ కోనసీమా!" అనే పిలిచేది.

కొబ్బరి గురించి మాకు ఒకళ్ళు చెప్పేదేంటని నేనూ ఎగిరాను. ఊరెళ్ళినప్పుడు మా చెట్ల కాయలు గోనెసంచిలో వేసుకుని రైల్లో తెచ్చాను. తనే స్కూటీ మీద లింగంపల్లి స్టేషన్‌కి వచ్చి మోసుకెళ్ళింది.

పచ్చికొబ్బరి తురుము వేసిన ఆ ట్రయల్ బ్యాచ్ ఘోరంగా పోయింది. చారు మీద పోపు నూనె తేలినట్టు గ్లాసు పైనంతా నూనె. నురగ పొంగినట్టే పొంగి చచ్చిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తనేమో గ్లాసుని వెలుతురుకి పెట్టి చూస్తూ, "అరె, నూనె తాకంగనే నురగ ఎట్ల కూలుతుందో చూడే! మస్తుంది కదా!" అంది.

ఫెయిలైన దాన్ని చూసి అంత సంబరపడే మనిషిని మా ఐటీలో నేనెక్కడా చూడలేదు.

తర్వాత కుడుకల మీద పడింది. మనం ఎండుకొబ్బరి చిప్పలంటామే, అవే. తురిమి, సన్నమంట మీద వేయించి, గుడ్డలో కట్టి నూనె పిండేసింది. ఈసారి నురగ నిలిచింది. కానీ వాసన అచ్చం గుత్తివంకాయ కూర! ఇద్దరం బుర్రలు బద్దలు కొట్టుకున్నాక తేలిందేంటంటే, వాళ్ళమ్మ మసాలా వేయించే మూకుడులోనే వేయించింది మహాతల్లి.

ఇప్పుడు ట్యాంకులో ఉన్నదే ఆఖరి ప్రయత్నం. ఇది కూడా కుదరకపోతే పారబోసి, మెనూలోంచి తీసేస్తానని ఓనర్ గట్టిగా చెప్పేశారు. "ఇదొక్కటి నిలవడాలె" అని రోజూ అనుకునేది.

నా మీద ఆమెకి ఒకటే కోపం. చల్లగా ఉండగానే గటగటా తాగేస్తానని.

"జర ఆగవే. గ్లాసు చేతుల వట్టుకొని కూసో. చలి పోతెనే వాసన బయటికొస్తది. ఏం తొందర నీకు?"

నాకేమో ఎప్పుడూ ఏదో ఒక మీటింగ్. ఒక్కసారి కూడా ఆగలేదు.

నిన్న సాయంత్రం బాలానగర్‌లో అంతా అయిపోయింది.

ఈరోజు మధ్యాహ్నం ఓనర్ ఫోన్. "ఏమనుకోకుర్రి మేడమ్. ట్యాంక్ ఇయ్యాల తెరవాలె. ఆమె మీ ముక్కునే నమ్మేది. మీరు ఉంచమంటే ఉంచుత, లేదంటే పారబోస్త."

వెళ్ళాను. గ్లాసు ఇచ్చారు. నురగ బ్రహ్మాండంగా నిలిచింది. తాగాను. మాడిన గింజల చేదు, కాఫీ, కాస్త చాక్లెట్.

కొబ్బరి?

లేదు. ఎంత వెతికినా లేదు.

ఆ మాట ఎలా చెప్పను? పోయిన మర్నాడే ఆమె కష్టాన్ని డ్రైనేజీలో పోయించే మాట నా నోటి నుంచే రావాలా? గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎదురుగా గోడకి ఆమె రబ్బరు బూట్లు ఆనించి ఉన్నాయి. ఇంక ఏడుపు ఆగలేదు. ఓనర్ పాపం అటూ ఇటూ తిరిగారు.

ఎప్పటికో ముక్కు చీదుకుని, గ్లాసు పక్కన పెట్టబోతుంటే వాసన తగిలింది.

వేయించిన కొబ్బరి.

తల నూనె కాదు. కూర కాదు. కొబ్బరి లౌజు చేసినప్పుడు మూకుడు అంచుకి ఎర్రగా అంటుకున్న ముక్క ఉంటుందే, అది. మళ్ళీ తాగాను. గుక్క గుక్కకీ ఇంకా తెలుస్తోంది. గ్లాసు నా చేతుల్లో వెచ్చబడిపోయింది.

"పారబోయకండి. కానీ చల్లటి గ్లాసుల్లో పోయకండి. తాగేవాళ్ళని కాస్త ఆగమనండి" అన్నాను.

ఆయన కూడా ఒక గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపటికి వాసన చూసి, కళ్ళు తుడుచుకుని, "ఉంచుదాం మేడమ్" అన్నారు.

నిలబడిందే రజితా.

ఆ వాసన అంతసేపూ ఎక్కడ దాక్కుందో అడగాలని ఉంది. నువ్వుంటే ఒక పూటంతా చెప్పేదానివి. ఈసారి ఏ మీటింగూ పెట్టుకోకుండా వినేదాన్ని.

అందరినీ ఆగమని చెప్పేదానివి, నువ్వెందుకే అంత తొందరపడ్డావు?

వెళ్ళిరా. ట్యాంకు సంగతి మేం చూసుకుంటాం. ఇంక ఏ ఫికరూ లేకుండా హాయిగా నిద్రపో.

నీ కోనసీమ