సోయి లేనిదని పేరు పడ్డ మా అవ్వ

మేం చిన్నగా ఉన్నప్పుడు సుల్తానాబాద్‌లో మా ఇంట్లో పాలు పొంగని రోజు ఉండేది కాదు...

పొయ్యి మీద పాలసర్వ పెట్టి, పక్కనే చాటలో బియ్యం ఏరుతూ కూర్చునేది మా అవ్వ. అవ్వ అంటే అమ్మే, మా దిక్కు అలాగే పిలుస్తాం. బియ్యం సగం ఏరేసరికి పెరట్లో చిక్కుడు పాదు గుర్తొచ్చేది. నీళ్లు పోద్దామని చెంబు పట్టుకుని లేచేది. ఆ చెంబు బావి గట్టు మీదే ఉండిపోయేది, అవ్వ గోడ దగ్గర పక్కింటామెతో మాటల్లో పడేది. మాడిన వాసన వీధి చివరిదాకా పోయేది గానీ అవ్వ దాకా వచ్చేది కాదు.

"సోయి లేనిదాన్ని తెచ్చి నా కొంపకు అంటగట్టిండ్రు" అని మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని అనేది. సోయి అంటే మా దిక్కు ధ్యాస. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పేది. చివరికి అది అవ్వ పేరే అయిపోయింది... ఆ సోయి లేనామె ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపించేవాళ్లు.

గుర్తుండాలని అవ్వ కొంగుకు ముళ్లు వేసుకునేది. నూనె అయిపోయిందని ఒకటి, చెల్లె జ్వరం మందుకు ఇంకొకటి... పొద్దుగూకేసరికి కొంగంతా ముళ్లే. ఏ ముడి దేనికో మళ్లీ మమ్మల్నే అడిగేది. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆమె కూడా మాతో కలిసి నవ్వేది, కాసేపటికి మొహం అటు తిప్పుకుని ఒక్కో ముడీ విప్పుకునేది.

అదే అవ్వ బతుకమ్మ పేర్చడానికి కూర్చుంటే మాత్రం ఎవరు పిలిచినా పలికేది కాదు. గునుగు, తంగేడు పూలు వరస తప్పకుండా అలా పేరుస్తూనే ఉండేది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆ రోజు కూడా మా ఇంట్లో పులిహోర అన్నం అడుగంటేది అనుకోండి...

బాపు, అంటే మా నాన్న, రైస్ మిల్లులో పని చేసేవాడు. పొద్దున సైకిలెక్కే ముందు గడపలో నిలబడి అడిగేవాడు. "ఏమే, పొయ్యి మీద ఏం పెట్టినవ్?" అవ్వ లోపలికి పోయి చూసి వచ్చాకే కదిలేవాడు. మిల్లులో అందరూ సద్దులు విప్పుకుని తింటుంటే ఈయన మాత్రం మధ్యాహ్నం ఎండలో ఇంటికొచ్చేవాడు. ముందు పెరటి వైపు నుంచి వచ్చి వంటింట్లోకి తొంగి చూసేవాడు. తర్వాతే కాళ్లు కడుక్కునేవాడు. "పెండ్లాం కొంగు ఇడువడు" అని తోటివాళ్లు ఎకసెక్కాలాడితే మీసాల్లో నవ్వుకునేవాడు. మేం కూడా బాపుది ఉత్త చాదస్తం అనుకున్నాం.

బాపు చనిపోయాడు. కొన్నాళ్లకే మా అన్న ఫోన్ చేశాడు. అవ్వ గ్యాస్ మీద పప్పు పెట్టి తలుపు తీసిపెట్టి అంగడికి పోయిందట. గంజు నల్లగా మాడి, ఇల్లంతా పొగ. "అవ్వకు మతి పోతున్నది. ఏమన్న అయితే ఎట్ల?" అన్నాడు. వాడి భయం వాడిది. సిలిండర్ తీసుకుపోయి, రోజూ తన ఇంటి నుంచి క్యారియర్ పంపడం మొదలుపెట్టాడు.

నేను వెళ్లేసరికి అవ్వ చల్లటి పొయ్యి ముందు పీట వేసుకుని ఊరికే కూర్చుని ఉంది. "కూడు తినేదాన్నే గానీ వండేదాన్ని గాదట నేను" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

కరీంనగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఏవో మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంది. గడియారం బొమ్మ గీయమంది. మధ్యలో కిటికీలోంచి బయటికి చూసినా, అవ్వ అన్నీ సరిగ్గానే చెప్పింది.

"ఇదంతా ఎప్పటినుంచి?"

"బాపు పోయినకాడి నుంచి మేడం" అన్నాడు అన్న.

"కాదు" అంది అవ్వ. "నా పుట్టుకే గింత. బడిల ఒక్కకాడ గూసుండలేకపోతే సారు ఎల్లగొట్టిండు. మా అవ్వ కొట్టింది, మా అత్త తిట్టింది. గాయిన ఉన్నన్ని దినాలు ఎనకంగ ఎనకంగ అన్నీ జూసుకున్నడు. గిప్పుడు జూసేటోళ్లు లేరు, గంతే."

అన్న నా వైపు చూశాడు. ఇద్దరికీ ఎండలో సైకిల్ మీద వచ్చే బాపే కళ్ల ముందు మెదిలాడు.

ఇంకో రెండుసార్లు రమ్మని, మమ్మల్నీ ఎన్నో అడిగి, అప్పుడు చెప్పింది డాక్టరమ్మ. ఇది మతిమరుపు జబ్బు కాదు, ధ్యాస ఒకచోట నిలవకపోవడం, ఏడీహెచ్‌డీ అంటారు. పిల్లలకే ఉంటుందనుకుంటాం గానీ కొందరిని ముసలితనం దాకా వదలదు. ఆసరాగా ఉన్న మనిషి పోతే ఒక్కసారిగా బయటపడుతుంది. "నువ్వు కావాలని చేసింది కాదమ్మా" అంది.

సిలిండర్ తిరిగొచ్చింది. నేను అవ్వ ఫోన్‌లో అలారం పెట్టి, మోగితే పొయ్యి దగ్గరికి పోవాలని నేర్పాను. "మీ బాపు మెల్లగ పిలుస్తుండె. గిదేంది, గింత గనం ఒర్రుతది" అని విసుక్కుంది. అయినా మోగగానే లేచింది. పప్పు దించి, మూత పెట్టి, నా పక్కన కూర్చుంది.

"బిడ్డా... నేను కావాలని జేస్తలేనని గా డాక్టరమ్మ చెప్పింది గదా. మీ నాయనమ్మ ఉన్నప్పుడు గీ ముచ్చట ఎవలన్న ఆమెకు జెప్తే ఎంత బాగుండు. పొయ్యేముందన్న నన్ను పేరు వెట్టి పిలుస్తుండెనేమో..."

మా అవ్వ పేరు సుగుణ.

ఇప్పుడు ఇలాంటివాటికి డాక్టర్లున్నారు, మందులున్నాయి... అప్పట్లో మా ఊళ్లో తిట్టు తప్ప ఇంకేమీ లేదు. మీ ఇళ్లలో కూడా ఇలా పేరు పోగొట్టుకున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల అసలు పేరు ఇక్కడ రాయండి. చదివి అవ్వకు వినిపిస్తాను.