పూర్వపక్షం దగ్గర ఆగిన వ్యాసం

మా పక్కింటి సారు పోయారన్న కబురు వారి ఇల్లాలే పిట్టగోడ దగ్గరికి వచ్చి చెప్పారు. "సామీ, మీ సారు లేపితే లేయడం ల్యా. ఒకసారి రాండి" అన్నారు. ఆమెకు అప్పటికే తెలుసు. ఆమె గొంతు వినగానే నాకూ తెలిసిపోయింది. మరునాడు అంత్యక్రియలకు రాయచోటి నుంచి, రాజంపేట నుంచి వచ్చిన శిష్యులు చర్చి ఆవరణలో ఎండలోనే నిలబడ్డారు.

ఆయన బద్వేలు దగ్గరి మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవారు. నేను కావ్యాలూ తర్కమూ చెప్పుకుని బతికినవాణ్ణి. ఆయనను గురించి పాఠకులకు నేను చెప్పదలచింది ఒక్కటే. ఆయనకు వ్యాసం రాయడం వచ్చు. ఇది చిన్న మాటగా తోచవచ్చు. ఇంతకాలం పుస్తకాల మధ్య గడిపిన నాకు మాత్రం ఆ విద్య పూర్తిగా పట్టుబడినవారు బహు కొద్దిమందే కనిపించారు.

ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు సాయంత్రాలు ఆయన వసారాలో చేరేవారు. ఒకనాడు ఒక అమ్మాయి బోరుబావుల మీద వ్యాసం తెచ్చింది. పత్రిక ఇలా అన్నది, పుస్తకం ఇలా అన్నది, అధికారి ఇలా అన్నాడు అని వరుసగా రాసింది. సారు ఓపికగా చదివారు.

"అమ్మా, నలుగుర్ని పిలిచినావు. నలుగురూ వచ్చి నాలుగు మూలల్లో కూర్చున్నారు. ఒకరి మొగం ఒకరు చూసుకోల్యా. ఇది పెండ్లి కాదు, బస్టాండు."

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మరి నేనేం చేయల్ల సార్?" అంది.

"పత్రికలో రాసిన ఆయప్ప బోర్లన్నీ ఎండినాయంటాండాడు. మీ నాయన మా బోరు ఎండలేదంటాండాడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, యాడ తేడా వచ్చిందో అడుగు. ఆ తేడా కాడ్నే నీ మాట మొదలైతాది."

ఆయనకు ఇంకొక పట్టుదల ఉండేది. ఎదుటివాడి వాదాన్ని ముందు చెప్పి, ఆ తర్వాతే తన సిద్ధాంతం చెప్పాలి. శాస్త్రంలో ఆ మొదటి భాగాన్ని పూర్వపక్షం అంటాం. మా శాస్త్రాలలో అది తరచుగా పడగొట్టడానికి నిలబెట్టిన గడ్డిబొమ్మగానే మిగిలిపోతుంది. సారు అలా ఒప్పుకునేవారు కారు. పూర్వపక్షం రాసి, ఆ పక్షంవాడి ఇంటికే వెళ్లి చదివి వినిపించాలి. అతడు "నా మాట ఇదే" అని తల ఊపాలి. అంతవరకు సొంత మాట ఒక్కటీ రాయకూడదు.

ఈ ఏడాది మా వీధిలో జరిగే గురువారం సంతను బైపాస్ రోడ్డు దగ్గరికి మార్చే ప్రతిపాదన వచ్చింది. అభిప్రాయాలు రాసి ఇమ్మని పంచాయతీ వారు కోరారు. మార్చాలని నేను, వద్దని సారు. సంతనాడు వీధిలో ఆటో కదలదు. అంబులెన్సు వస్తే ఏమిటన్నది నా ప్రశ్న. ఆయన వాదించలేదు. నాలుగు రోజులు ఊరంతా తిరిగి ఒక సాయంత్రం కాగితాలతో మా ఇంటికి వచ్చారు.

"వినండి సామీ. ఇది మీ పక్షం."

విన్నాను. అంబులెన్సు డ్రైవరు చెప్పింది, బస్సు దిగి నడిచే ఆడపిల్లలు చెప్పింది, పాత పంచాయతీ తీర్మానంలో ఉన్నది, మూడూ కలిసి నా మాటను నాకన్నా బలంగా చెబుతున్నాయి. ఒక్కచోట మాత్రం అభ్యంతరం చెప్పాను. "నా మాటలో ఎగతాళి లేదు. మీ వాక్యంలో ఉంది."

ఆయన మళ్లీ చదువుకుని ఆ వాక్యం కొట్టివేశారు. "నిజమే. అది నా నోరు, మీది కాదు." అప్పుడు నేను తల ఊపాను. "అయితే ఇంక నా వంతు" అని నవ్వుతూ లేచారు. ఆ వంతు రానేలేదు. ఆ వారంలోనే పోయారు.

వారి ఇల్లాలు ఆ కాగితాలు నాకిచ్చారు. మా వీధి చివరి కిరాణా కొట్టు శెట్టిగారు కూడా సంత మారాలనే మనిషి. ఆయన చదివి సంబరపడ్డారు. "ఇంకేం కావల్ల సామీ? సారు కూడా మన పక్కే రాసిపెట్టినాడు. ఇట్లే ఇచ్చేద్దాం."

"అది ఆయన మాట కాదు శెట్టీ, మన మాట."

"రాసింది ఆయప్ప చేత్తోనే కదా?"

చేవ్రాత ఆయనదే. అలా ఇచ్చేస్తే ఊరు ఆయనను సంత మార్చమన్న మనిషిగానే గుర్తుపెట్టుకుంటుంది. ఇవ్వకపోతే ఆయన ఏమీ చెప్పనట్టే. మిగిలిన భాగం ఎవరో ఒకరు రాయాలి. ఆయన పక్షం బాగా తెలిసినవాణ్ణి, దానిని ఒప్పుకోనివాణ్ణి నేనే.

గురువారం సంతకు వెళ్లాను. కరివేపాకు అమ్మే ముసలమ్మ నన్ను చూసి, "ఆ సారుకంతా చెప్తిని. మళ్లా నీకూ చెప్పల్లనా సామీ?" అంది. చెప్పమన్నాను. "బస్సు ఈడ నిలబడతాది. బైపాసు కాడ నిలబడదు. గంప నెత్తిన పెట్టుకోని ఆడికి నడిస్తే ఆకు వాడిపోతాది. వాడిన ఆకు నువ్వు కొంటావా?"

కొననని చెప్పాను. బస్సు కండక్టరును అడిగాను. బైపాస్ దగ్గర బస్సు ఆపే చోటు లేదన్నాడు. ముసలమ్మ మాటనూ కండక్టరు మాటనూ అంబులెన్సు డ్రైవరు మాటకు ఎదురుగా కూర్చోబెట్టి రాశాను. సారు ఇల్లాలికి చదివి వినిపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నారు.

"మా ఆయన ఇంత పెద్ద పెద్ద మాటలు వాడడు సామీ. ఇంకోటి, ఆయన సంత మార్చొద్దు అని ఊరికే అనల్యా. సంత పొద్దు ఒక్కటే బండ్లను వెనక వీధిలో పంపిస్తే చాలంటాండె."

ఆ మాట నాకు తెలియదు. ఇంటికి వచ్చి సమాసాలన్నీ విడదీసి తిరగరాశాను. మళ్లీ వెళ్లి చదివాను. ఈసారి ఆమె చేతులు ఆగాయి. చివరి వాక్యం అయ్యేవరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు. తర్వాత తల ఊపారు.

రెండు భాగాలనూ ఆయన పేరుతోనే పంచాయతీలో ఇచ్చాను. నిర్ణయం ఇంకా రాలేదు. ఆయన పద్ధతి ప్రకారం, ఎదుటిపక్షం తరఫున ఆమె తల ఊపారు కాబట్టి ఇక నా వంతు. ఆయన వాదానికి జవాబు రాయాలని ఈ గురువారం కిటికీ దగ్గర కూర్చున్నాను. కింద వీధిలో ఆటోవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. కరివేపాకు ముసలమ్మ గంపను కాస్త పక్కకు జరిపి, చెంబులో చేయి ముంచి ఆకు మీద నీళ్లు చిలకరించింది. కాసేపటికి మళ్లీ చిలకరించింది. నా కాగితం మీద ఇంకా ఏ మాటా పడలేదు.