సమాధుల తోటలో చోటు

1996లో నన్ను చల్లపల్లి దగ్గరి ఒక పాస్టరేటుకు గురువుగా బదిలీ చేశారు. పాస్టరేటు అంటే ఒకే గురువు చూసుకునే కొన్ని ఊళ్ల సంఘాలు. మా ప్రొటెస్టెంటు గుడి ఉన్న వీధిలోనే కథోలిక దేవాలయం, కాలవ అవతల పెంతెకొస్తు మందిరం ఉండేవి. మూడు చోట్లా ఉన్నది బంధువులే. పెళ్లిళ్లకు కలిసేవారు గాని ఒకరి గుడిలో ఒకరు మోకరించేవారు కారు.

కథోలిక గురువు ఇన్నయ్య గారూ నేనూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచేవాళ్లం. జనవరిలో క్రైస్తవ సంఘాలన్నీ కలిసి చేసే ఐక్యతా ప్రార్థనలు మూడు చోట్లా వంతులవారీగా పెడదామన్నది ఆయనే. పెంతెకొస్తు పాస్టరు సంసోను గారు మొదట ఒప్పుకోలేదు. ఆయన భార్య కరుణమ్మ గారికి క్యాన్సరని తెలిశాక, ఇన్నయ్య గారూ నేనూ విజయవాడ ఆసుపత్రికి వెళ్లి ఆమె మంచం పక్కన ప్రార్థన చేశాం. వార్డు బయట సంసోను గారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. “జనవరికి మా మందిరాన్ని కూడా కలుపుకోండి అయ్యగారూ” అన్నారు.

ఆ జనవరిలో కరుణమ్మ గారు కుర్చీలో కూర్చునే పాట పాడారు. ఎండలు ముదరకముందే పోయారు.

ఆమె పుట్టింది మా సంఘంలో. తల్లి సమాధి పక్కనే తననూ పెట్టమని భర్తను కోరారట. మా సభ్యత్వం లేనివారికి సమాధుల తోటలో చోటివ్వాలంటే సంఘ కమిటీ ఒప్పుకోవాలి. గురువు మాట ఒక్కటే చాలదు. వెంటనే పెద్దలను పిలిపించాను. వారిలో ముఖ్యుడు దానయ్య గారు ఆమెకు సొంత పెదనాన్న.

“చంటిపిల్లగా మనమిచ్చిన బాప్తిస్మం చెల్లదని కాలవలో మళ్లీ మునిగిందండీ. ఆ రోజు వాళ్లమ్మ ఎంత ఏడ్చిందో నేను చూశాను. ఇప్పుడు మన మట్టి మాత్రం ఎలా చెల్లుతుంది?” అన్నారాయన.

“మొన్న జనవరి ప్రార్థనల్లో ఆమె పాటకు మీరూ ఆమెన్ అన్నారు కదండీ” అన్నాను.

“ప్రార్థన వేరు, తోట వేరు అయ్యగారూ.”

తక్కిన వారు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. చోటు లేదన్నదే తీర్మానమైంది.

సంగతి విని ఇన్నయ్య గారు తమ తోటలో ఒక మూల చోటిచ్చారు. గేటు దగ్గరి పెద్ద సిలువ విగ్రహాన్ని చూసి సంసోను గారి సంఘస్థులు చాలామంది రోడ్డు మీదే ఆగిపోయారు. భార్య భూస్థాపనకు ఆయనే వాక్యం చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. ఇన్నయ్య గారు ఆయన చేతిలోని బైబిలు అందుకుని మిగతా కీర్తన చదివారు. నేను మొదటి పిడికెడు మట్టి వేశాను. ఆమె పెదనాన్న రాలేదు.

విగ్రహాల నేలలో భార్యను పెట్టాడని సంసోను గారి సంఘంలో సగంమంది విడిపోయి వేరే మందిరం కట్టుకున్నారు. ఇన్నయ్య గారికి బదిలీ అయింది. కమిటీని కాదని వేరే తోటలో భూస్థాపనలో పాల్గొన్నానని నా మీద పైవారికి ఫిర్యాదు వెళ్లింది. నన్ను మైలవరం వైపు పంపారు. మరుసటి జనవరిలో ఆ ఊళ్లో ఐక్యతా ప్రార్థనలు జరగలేదు.

ముగ్గురు గురువులు స్నేహితులైనంత మాత్రాన మూడు సంఘాలు కలిసినట్టు కాదని అక్కడ తెలిసింది. ఆ తరవాత ఏ పాస్టరేటుకు వెళ్లినా ఇతర సంఘాల పెద్దలతో ముందు సమాధుల తోట సంగతి మాట్లాడేవాణ్ణి. అది తేలకుండా కలిసి ప్రార్థన చేద్దామని ఎవరినీ పిలవలేదు.