ఆస్పత్రిలో పడిన బోరు

ఆ రోజు నేను మా నాయనకు అబద్ధం చెప్పాను. చెప్పినందుకు సిగ్గుపడలేదు సరికదా, లోలోపల మురిసిపోయాను కూడా.

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి, పై అంతస్తులో ఐసీయూ. నిమ్ము చేసి ఊపిరాడక నాయన అందులో చేరి వారం దాటింది. గొంతులోని గొట్టం తీసేశారు, ఇక గండం గడిచిందనుకున్నాం. అప్పటినుంచే ఆయన మాట మారింది. మంచం కింద మేకలున్నాయనేవాడు. పైకప్పు మీద చీమలు బారులు తీరాయనేవాడు. అమ్మను పేరు పెట్టి పిలిచి, మరుక్షణమే "మీదేవూరమ్మా?" అని అడిగేవాడు. డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, ఇది పిచ్చి కాదన్నాడు. పెద్ద జబ్బు చేసి, నిద్ర కరువైన మనిషికి మనసు ఇలా తికమకపడుతుందట, జబ్బుతోపాటే తగ్గుతుందట. లోపలికి వెళ్ళినప్పుడల్లా ఎక్కడున్నాడో, ఏ వారమో నెమ్మదిగా చెబుతూ ఉండమన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకుంది. నేను విని వదిలేశాను.

ఆ రోజు నేను లోపలికి పోయేసరికి నాయన ముఖానికి పెట్టిన ఆవిరి ముసుగు లాగేసి, మంచం మీద లేచి కూర్చుని చేతికున్న సూది పీకుతున్నాడు. ఒక నర్సు ఆయన భుజాలు పట్టుకుని ఉంది. ఇంకొకామె ఆయన చేతులు మంచానికి కట్టడానికి గుడ్డపట్టీలు తెస్తోంది.

"ఇడ్సండప్పా నన్ను! బోరు బండి వచ్చి నిలబడినాది. నేను లేకుంటే ఎట్ల? వాళ్ళిష్టం వచ్చిన తావున దించుతారు!"

"బండీ లేదు గిండీ లేదు, పండుకో తాతా."

"నీకు చెవుడా పాపా? అంత సౌండు ఇనపడలా? తెల్ల దుమ్ము లేస్తాండాది చూడు!"

మా చేనులో అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోదానికి ఆయన చోటు చూపించుకుని గుర్తుగా ఒక రాయి పాతాడు. బండి రావాల్సిన వారమే జ్వరం పట్టుకుంది, బండి వేరే ఊరికి పోయింది. మతి తప్పినా ఆయన ప్రాణం ఆ రాయి దగ్గరే ఉంది.

ఆయన చేతులు కట్టడం నేను చూడలేకపోయాను. చెవి దగ్గరికి వంగి అన్నాను. "బోరు పడినాది నాయనా. మూడించుల నీళ్ళు."

సూది మీద ఆయన చేయి అలాగే ఆగిపోయింది.

"నువ్వు చూసినావా?"

"నేనే దగ్గరుండి చూసినా."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. దిండు మీద తల వాల్చి, చాలా రోజుల తర్వాత నిద్రపోయాడు. నర్సు పట్టీలు మడిచి పెట్టేసింది. "భలే చెప్పినావన్నా! దినామూ వచ్చి ఇట్లే కొంచెం నీళ్ళు పోసి పో" అని నవ్వింది.

నేను అదే చేశాను. ఆయన అడిగేకొద్దీ బోరును పెంచుకుంటూ పోయాను. ముందు తెల్ల దుమ్ము వచ్చిందన్నాను, తర్వాత బురద, ఆ తర్వాత నీళ్ళు వేపచెట్టంత ఎత్తుకు ఎగజిమ్మాయన్నాను. కేసింగు గొట్టానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టామన్నాను. అమ్మ ఒకసారి పక్కనుండి ఇదంతా వినింది. బయటికి వచ్చాక నా చొక్కా పట్టుకుంది.

"ఇంగ దేన్ని గురించైనా అబద్ధం చెప్పు. నీళ్ళ గురించి మాత్రం మీ నాయనకు చెప్పొద్దురా."

"ఆయప్పకు ఇవన్నీ గుర్తుంటాయా అమ్మా? తెలివిలోకి వస్తే మరిచిపోతాడులే."

ఆమె మాత్రం లోపలికి పోయినప్పుడల్లా ఆయన చేయి పట్టుకుని ఒకే పాట పాడేది. "ఇది అనంతపురం. ఇది ఆస్పత్రి. ఈ పొద్దు బేస్తవారం. నేను నీ పెండ్లాన్ని." నాకు అది చాదస్తంగా తోచేది.

నాయన తేరుకున్నాడు. మేకలను తలచుకుని తనే నవ్వాడు. చీమలూ లేవని ఒప్పుకున్నాడు. బోరు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను. ఇంటికి తీసుకువస్తుంటే, ఊరు ఇంకా రాకముందే జీపు ఆపమన్నాడు.

"నీళ్ళు చూసి పోదాం పట్టు."

కట్టె ఊతంతో చేనులోకి నడిచాడు. అక్కడ తాను పాతిన రాయి అలాగే ఉంది. దుమ్ము కుప్ప లేదు, బండి చక్రాల జాడ లేదు.

"కేసింగు యాడరా?"

నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆయన నా ముఖంలోకి చూడలేదు, రాయి వైపే చూశాడు. చిన్న గొంతుతో అడిగాడు.

"ఇది కూడా మేకల మాదిరేనా?"

అబద్ధం చెప్పడం ఒక తప్పు. దానికి నా దగ్గర సాకైనా ఉంది. ఇప్పుడు చేసినదానికి ఏ సాకూ లేదు. అవునన్నట్లు తల ఊపాను. నేను వేసిన బోరును ఆయన పిచ్చి ఖాతాలో వేసేశాను.

ఆ రోజు నుంచి నాయన తన కళ్ళను, చెవులను నమ్మడం మానేశాడు. మేకలంటే ఎవరూ లేనప్పుడు కనపడినవి. బోరు అలా కాదు, కన్నకొడుకు నోటితో విన్నది. అదీ ఉత్తదే అయితే ఇక ఏది నిజం? అన్నం తిని చేయి కడుక్కున్నాక "నేను తిన్నానా?" అని అమ్మను అడిగేవాడు. గుమ్మఘట్ట దిక్కు మబ్బు కనపడితే, "ఆడ మోడం పట్టినాది. నీకూ కనపడతాందా?" అనేవాడు. పదిమందీ కూర్చునే అరుగు మీదికి పోవడం మానేశాడు. "నా మాట నాకే నమ్మకం లేదు, వాళ్ళకేం చెప్పేది" అన్నాడట.

"నువ్వు కట్టిన ముడి నువ్వే ఇప్పాల" అంది అమ్మ. "నేను చెప్తే ఆయన మనసు సగమే కుదుటపడతాది."

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఆస్పత్రిలో మళ్ళీ చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. డాక్టరు ఆయన ఛాతీ విని, ఆవిరి మందు పట్టమని కింది గదిలోకి పంపాడు. నర్సు బల్ల మీది చిన్న పెట్టె స్విచ్చి వేసింది. అది గర్రుమని మోత మొదలుపెట్టింది. ముసుగులోంచి తెల్లటి పొగ లేచింది. నాయన దిగ్గున లేచి నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"రేయ్, మళ్ళా వచ్చేసిందిరా. బోరు బండి ఇనపడతాంది నాకు."

ఇక ఆగలేకపోయాను. ఆయన చేతిని తీసుకుపోయి ఆ పెట్టె మీద పెట్టాను.

"నాక్కూడా ఇనపడతాంది నాయనా. ఇదే ఆ సౌండు. పైన ఉన్నప్పుడు దినామూ నీకు పట్టినారు. ఆ దుమ్ము ఈ పొగే. నీ చెవుల్లో తప్పు లేదు. నీళ్ళు పడినాయని చెప్పింది నేను. చేతులు కట్టేస్తారని భయపడి చెప్పినా."

ఆయన పెట్టె మీద చేయి తీయలేదు.

"అయితే నువ్వు చెప్పినావు."

"చెప్పినా."

"నేను ఇన్నది ఇన్నట్లే."

"ఇన్నట్లే నాయనా."

"మరి చేన్లో నేను అడిగితే తల ఊపితివే?"

తప్పయిపోయిందన్నాను. ఆయన బస్సులో నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాడు. కళ్యాణదుర్గంలో బస్సు ఆగినప్పుడు వెనక్కి తిరిగాడు.

"మూడించులేనా? ఇచ్చేది ఎట్లాగూ ఉత్తుత్తి నీళ్ళే గదా, నాలుగించులు ఇచ్చింటే ఏం పోయేదిరా నీ సొమ్ము?"

నేను నవ్వలేకపోయాను. ఆయన మాత్రం దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని ఆ ఐసీయూ రోజులు ఒక్కొక్కటిగా చెప్పాను. ఆయన ఏమన్నాడో, అప్పుడు అక్కడ నిజంగా ఏముందో, నేను ఏ మాట కల్పించానో. తెలియనిది తెలియదనే చెప్పాను. గొడ్డలి పట్టుకుని తన మీదికి వచ్చినట్లు కనపడిన మనిషి ఎవరని అడిగితే, నాకు తెలియదు కానీ, అమ్మ కొంగు పట్టుకుని గట్టిగా అరిచావని చెప్పాను. ఆయన తలాడించి, "ఊఁ, ఇంగ చెప్పు" అనేవాడు.

శనక్కాయలు పీకి వాకిట్లో ఆరబోసిన రోజులు. ఆ ఏడు పండింది కొంచెమే. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా అరుగు మీది నుంచి నాయన కేక వేశాడు.

"రేయ్, మోడం వస్తాంది! కాయలు లోపలికి ఎత్తు!"

నీకూ కనపడతాందా అని అడగలేదు. నేను వాకిట్లోకి వచ్చి, ఆకాశం వైపు చూడకుండానే వంగి కాయలు గోతాలకు ఎత్తడం మొదలుపెట్టాను. అమ్మ చీపురుతో ఊడ్చి ఇస్తోంది. చివరి గోతం లోపల పెట్టి వచ్చేసరికి గాలి తిరిగింది, ఎండ కాసింది. మబ్బు కర్ణాటక వైపు జరిగిపోతోంది.

నాయన అరుగు మీద నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"వాన రాకుంటే పోనీలే. మోడం మాత్రం నిజమే గదరా?"

అప్పుడు తలెత్తి చూశాను.

"నిజమే నాయనా."

గోతాలు మళ్ళీ బయటికి మోసుకొచ్చి, కాయలన్నీ వాకిట్లో పరిచాను.