ఎలుగుపిల్లను తెలుగులోకి తెచ్చిన టీచరు గారు

పోయిన మంగళవారం పొద్దున్నే మా ప్రచురణకర్త ఫోన్ చేసి, "మన టీచరు గారు ఇక లేరండీ" అన్నారు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. తర్వాత ఆవిడ కబుర్లు మొదలయ్యాయి. ఫోన్ పెట్టేసేసరికి ఇద్దరం నవ్వుతున్నాం.

ఏడో తరగతిలో నాకు ఇంగ్లీషు చెప్పింది ఆవిడే. రిటైరయ్యాక బెజవాడ గవర్నర్‌పేటలో మేడ మీద గదిలో కూర్చుని, విదేశీ పిల్లల కథలు తెలుగు చేసేవారు. వాటికి బొమ్మలు వేసేది నేను. రాసిన ప్రతి వాక్యం పైకి చదువుకునేవారు. తోడేలుకు తోడేలు గొంతు, బాతుకు బాతు గొంతు. కింద ఆటోవాళ్ళు తలెత్తి చూసేవారు. "నాలిక తడబడిందంటే ఆ వాక్యం ఇంకా తెలుగు కాలేదన్నమాట" అనేవారు.

ఒకసారి ఆవిడా పొరబడ్డారు. చలికాలమంతా మంచు కింద గుహలో తల్లి పక్కన నిద్రపోయే ఎలుగుబంటి పిల్ల కథ అది. "మన పిల్లలకి మంచేం తెలుసండీ? గేదెదూడని చేసెయ్యండి" అన్నారు ప్రచురణకర్త. ఆవిడ సరేనన్నారు. గుహ కాస్తా గడ్డివామి అయింది. నేనూ పధ్నాలుగు బొమ్మలు వేసేశాను.

అచ్చుకు ముందు ఏ కథనైనా పిల్లలకు వినిపించడం ఆవిడ అలవాటు. ఆవిడ చెల్లెలు పాఠాలు చెప్పే చల్లపల్లి బడికి ఇద్దరం బస్సులో వెళ్ళాం. గేదె, దూడ చలికాలమంతా పడుకున్నాయని చదవగానే మూడో తరగతి పిల్ల ఒకతి లేచింది.

"మరి పాలెవరు పిండుతారు టీచర్?"

తరగతి గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా టీచరు గారే. కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితాలు మడిచేసి, అసలు ఎలుగుపిల్ల కథ నోటితో చెప్పారు. "మంచంటే ఎలా ఉంటుంది టీచర్?" అంది మళ్ళీ ఆ పిల్లే. ఆవిడ హెడ్మాస్టారిని అడిగి, పిల్లలందర్నీ దగ్గర్లోని ఐసు ఫ్యాక్టరీకి నడిపించుకెళ్ళారు. చేపల కోసం పొడి చేసిన ఐసు మీద ఉత్త కాళ్ళతో నిలబడి ఆ పిల్ల కేక పెట్టింది: "టీచర్, కాళ్ళు కొరికేస్తోంది!"

తిరుగు బస్సులో, "బొమ్మలన్నీ మళ్ళీ వెయ్యాలాండీ?" అని గొణిగాను.

"తప్పు నాది, తిప్పలు నీవి" అని నవ్వారు. అంతలోనే గంభీరంగా, "పిల్లలకి తెలీదని తీసేస్తే ఇంకెప్పుడు తెలుస్తుందమ్మాయ్?" అన్నారు.

మళ్ళీ ఎలుగుపిల్లనే పెడదామంటే ప్రచురణకర్త ఒప్పుకోలేదు. "అయితే నా పేరు తీసేసి వేసుకోండి" అన్నారావిడ, మెత్తగానే. ఆయన రెండు రోజులు అలిగి, మూడో రోజు దిగొచ్చారు. "మంచు ఎలుగుపిల్ల పాదాల్ని కొరికింది" అన్న వాక్యంతోనే పుస్తకం వచ్చింది. ఏడాది తిరక్కుండా, చదివి చదివి అట్ట ఊడిపోయింది, ఇంకోటి పంపమంటూ ఆ బడి నుంచి కబురొచ్చింది.

ఆవిణ్ణి నేను ఆఖరిసారి చూసింది పది రోజుల కిందట, ఒక మధ్యాహ్నం. మంచం మీద దిండుకు ఆనుకుని, తెలుగు చేస్తున్న కొత్త కథలో నక్క తుమ్మే చోట ఆగిపోయి ఉన్నారు. "హాచ్ అంటే మనిషి తుమ్ము. నక్క ఎలా తుమ్ముతుంది?" నాచేత తుమ్మించారు. చెల్లెలి చేత తుమ్మించారు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన మంచినీళ్ళ క్యాన్ల అతన్నీ వదల్లేదు. అతను మొహమాటపడుతూ తుమ్మాడు.

"ఊహూ, ఇది బెజవాడ తుమ్ము. నక్కలా తుమ్ము నాయనా!"

క్యాను భుజం మీంచి దించకుండానే అతను కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. టీచరు గారు పెన్సిలు కాగితానికి ఆనించి, నవ్వు బిగబట్టి, అతని ముక్కు వైపే చూస్తున్నారు.